మల్టీమీటర్ లీడ్లు: బోరు మోటార్ దగ్గర తేడా ఎక్కడొస్తుంది

యాసంగి నాట్లు మొదలయ్యాయంటే నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు మోటార్ మెకానిక్‌లకు తీరిక ఉండదు. సాగర్ ఎడమ కాల్వ నీళ్లు అందే మిర్యాలగూడ, హుజూర్‌నగర్ మాగాణుల సంగతి వేరు. మునుగోడు, దేవరకొండ, అచ్చంపేట, నారాయణపేట లాంటి చోట్ల పంట చాలావరకు బోరు మీదే ఆధారపడుతుంది. మోటార్ ఆగిందని ఫోన్ రాగానే మెకానిక్ బండి మీద వస్తాడు, స్టార్టర్ డబ్బా తెరుస్తాడు, మల్టీమీటర్ తీస్తాడు. ఆ తర్వాత జరిగేదంతా మీటర్ చూపించిన అంకెను బట్టే. మోటార్‌ను బోరులోంచి పైకి లాగాలా వద్దా అన్నది ఆ అంకే చెబుతుంది. డబ్బాలో చెయ్యి పెట్టొచ్చా లేదా అన్నదీ అదే చెబుతుంది. మొదటిది వేల రూపాయల ఖర్చు, రెండోది ప్రాణం.

ఇంత బరువు మోసే అంకె మీటర్‌కు చేరేది ఒక ఎర్ర వైరు, ఒక నల్ల వైరు గుండా. వీటినే లీడ్లు అంటారు. మీటర్ కొనేటప్పుడు కంపెనీ ఏది, రేంజులు ఎన్ని, గ్యారంటీ ఎంతకాలం అని అడిగేవాళ్లు ఆ వైర్ల గురించి మాత్రం అడగరు. డబ్బాలో వచ్చినవే వాడతారు. అవి తెగితే కరెంటు సామాన్ల షాపులో వంద రూపాయల లోపు దొరికే జత తెచ్చుకుంటారు. నాలుగైదు వేలు పెట్టి మంచి మీటర్ కొన్నవాళ్లు కూడా ఇలాగే చేస్తారు. ఖర్చు తగ్గించుకోవాలంటే మీటర్‌లో తగ్గించుకుని లీడ్ల మీద పెట్టడం మేలు. ఎందుకో తెలియాలంటే, లీడ్ పాడైనప్పుడు మీటర్ ఏ వైపు తప్పు చూపిస్తుందో ముందు చూడాలి.

లీడ్ తప్పు ఒకే వైపు లాగుతుంది

డిజిటల్ మీటర్‌ను వోల్టేజీలో పెట్టినప్పుడు దాని లోపలి రెసిస్టెన్స్ మామూలుగా 10 మెగా ఓమ్‌లు ఉంటుంది. అందరి దగ్గరా కనిపించే పసుపు రంగు చవక మీటర్లలో 1 మెగా ఓమ్. అంత పెద్ద రెసిస్టెన్స్ ముందు లీడ్‌లో ఉన్న ఒకటి రెండు ఓమ్‌లు లెక్కలోకే రావు. వైరులోని రాగి పోగులన్నీ తెగి ఒక్కటి మిగిలినా 230 వోల్టులు 230గానే కనిపిస్తాయి. పొద్దున చూస్తే సరిగ్గా ఉంటుంది, మధ్యాహ్నం చూసినా సరిగ్గానే ఉంటుంది. సాయంత్రం ఆ చివరి పోగు తెగిందంటే మీటర్ సున్నా చూపిస్తుంది, లేదంటే అర్థం లేని చిన్న చిన్న అంకెలు చూపిస్తూ ఊగుతుంది. మధ్యలో హెచ్చరిక అంటూ ఏమీ ఉండదు.

ఇక్కడే ప్రమాదం. తెగిన లీడ్ లేని వోల్టేజీని ఉన్నట్టు చూపించడం అరుదు. ఉన్న వోల్టేజీని లేనట్టు చూపించడమే మామూలు. 'ఉంది' అని తప్పు చూపిస్తే మనిషి భయపడి వెనక్కి తగ్గుతాడు. 'లేదు' అని తప్పు చూపిస్తే చెయ్యి లోపల పెడతాడు.

తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు 2018 జనవరి 1న మొదలైంది. అంతకుముందు కరెంటు వంతుల వారీగా వచ్చేది, ఊరందరికీ ఆ టైములు తెలిసేవి. ఇప్పుడు స్తంభం మీది తీగ ఏ గంటలోనైనా లైవ్‌లో ఉండొచ్చు. మీటర్ సున్నా చూపిస్తే 'ఇప్పుడు సప్లయ్ లేదేమో' అని సర్దిచెప్పుకోవడానికి వీల్లేదు. సున్నా కనిపించిన ప్రతిసారీ ముందు లీడ్‌నే అనుమానించాలి.

అనుమానం తీర్చుకోవడానికి పట్టేది అర నిమిషం. చెయ్యి పెట్టబోయే చోట కొలిచే ముందు, కరెంటు ఉందని ఖాయంగా తెలిసిన చోట మీటర్ పెట్టి చూడాలి. తర్వాత అసలు చోట కొలవాలి. సున్నా వస్తే మళ్లీ తెలిసిన చోటికి వెళ్లి ఇంకోసారి చూడాలి. మూడోది చాలామంది వదిలేస్తారు, కానీ అన్నిటికన్నా ముఖ్యం అదే. లీడ్ రెండో కొలతలోనే తెగి ఉంటే బయటపడేది మూడో కొలతలోనే. కొలవడం వేరు, సప్లయ్ కట్ చేయడం వేరు అన్నది కూడా గుర్తుండాలి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పని పడితే లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైనులో సప్లయ్ ఆపే అనుమతి) తీసుకుని ఏబీ స్విచ్ (11 కేవీ లైనును విడదీసే స్విచ్) తీయాల్సిందే. మల్టీమీటర్‌ను, దాని లీడ్లను 11 కేవీ (11 వేల వోల్టుల) వైపుకు తీసుకెళ్లడం ఎవరూ ఏ పరిస్థితిలోనూ చేయకూడని పని. ఏ మంచి లీడూ అక్కడ కాపాడదు.

ఓమ్‌ల రేంజులో కథ వేరు. అక్కడ లీడ్‌లోని ప్రతి పదో వంతు ఓమ్ తెర మీద కనిపిస్తుంది. తప్పు ఎప్పుడూ ఎక్కువ వైపే వస్తుంది, తక్కువ వైపు రాదు. వోల్టుల్లో దాక్కున్న జబ్బు ఓమ్‌లలో బయటపడుతుంది. లీడ్‌ను పరీక్షించాల్సింది ఓమ్‌ల రేంజులోనే అనడానికి కారణం ఇదే.

దీనికి ఒక మినహాయింపు ఉంది. మెగా ఓమ్‌లలో ఇన్సులేషన్ చూసేటప్పుడు చెమట పట్టిన వేళ్లు మొనలకు తగిలినా, లీడ్ మీద తడి మట్టి పేరుకున్నా, పగిలిన చోట తేమ చేరినా రీడింగ్ తగ్గిపోతుంది. బాగున్న మోటార్ ఎర్త్ అయినట్టు కనిపిస్తుంది. మోటార్ ఇన్సులేషన్ తేల్చాల్సింది 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటర్) కాబట్టి, మల్టీమీటర్ చూపించే మెగా ఓమ్‌ల మీద ఎవరూ ఆఖరి మాట చెప్పకూడదు.

మోటార్ కాలిందా, వైరు తెగిందా

బోరు పైన మూడు కోర్ల ఫ్లాట్ కేబుల్ చివర్లు విప్పి ఆర్, వై, బీ అనే మూడు ఫేజులను జతలుగా, ఆర్-వై, వై-బీ, బీ-ఆర్ మధ్య ఓమ్‌లు చూడటం మెకానిక్ చేసే మొదటి పని. మూడూ దగ్గర దగ్గరగా వస్తే వైండింగ్ (మోటార్ లోపలి తీగ చుట్లు) బాగున్నట్టు, ఒకటి తేడాగా వస్తే అనుమానించాలి. సూత్రం మంచిదే. చిక్కంతా అంకెలు చిన్నవి కావడంలో ఉంది.

ఉదాహరణకు 330 అడుగుల లోతులో, అంటే సుమారు 100 మీటర్ల లోతులో మోటార్ ఉందనుకుందాం. కేబుల్ 2.5 చదరపు మిల్లీమీటర్లది. ఆ సైజు రాగి కేబుల్ రెసిస్టెన్స్ కిలోమీటరుకు దాదాపు 8 ఓమ్‌లు. పోను 100 మీటర్లు, రాను 100 మీటర్లు కలిపితే కేబుల్‌దే 1.6 ఓమ్‌లు. వైండింగ్ 3 ఓమ్‌లు అనుకుంటే మొత్తం 4.6. మంచి లీడ్లు 0.2 కలిపితే మూడు జతలకూ 4.8, 4.8, 4.9 అలా వస్తాయి. అదే లీడ్ లోపల సగం తెగి, ఒకసారి అర ఓమ్, ఇంకోసారి ఒకటిన్నర ఓమ్ కలుపుతోందనుకోండి. అప్పుడు కనిపించేవి 5.1, 6.1, 5.4. ఈ అంకెలు చూసిన ఎవరికైనా వైండింగ్ పోయిందనే అనిపిస్తుంది. 'మోటర్ పోయిందన్నా, తీయాల్సిందే' అన్న మాట వచ్చేస్తుంది. ఇక మనుషుల్ని, బండిని పిలవాలి, పైపులు విప్పాలి, మోటార్‌ను వైండింగ్ షాపుకు మోయాలి. ఈలోపు నారుకు నీళ్లు అందవు. షాపులో బాగున్న మోటార్ అని తేలినా కూలీ డబ్బులు తిరిగి రావు.

వైండింగ్ తప్పును, లీడ్ తప్పును విడదీసే మార్గం తేలిక. అదే జతను నాలుగుసార్లు కొలిచి చూడాలి. వైండింగ్‌లో తేడా ఉంటే ఎన్నిసార్లు కొలిచినా అదే అంకె వస్తుంది. లీడ్‌లో తేడా ఉంటే కొలిచినప్పుడల్లా మారుతుంది, వైరు కదిలిస్తే ఇంకా మారుతుంది. బోరు మూతి దగ్గరి కేబుల్ జాయింటు వదులైనా ఇలాగే ఊగొచ్చు. అది విప్పి చూడటం లీడ్ సంగతి తేలాక చేయాల్సిన పని.

స్టార్టర్ దగ్గర వోల్టులు చూసేటప్పుడు కూడా ఇలాంటి గుర్తు ఒకటుంది. మోటార్ ఆగి ఉన్నప్పుడు, సప్లయ్ వచ్చే వైపున ఫేజుల మధ్య 415 వోల్టుల దగ్గర్లో మూడు రీడింగులు రావాలి. ఆర్ ఫేజు పోయిందనుకుందాం. అప్పుడు ఆర్-వై, బీ-ఆర్ రెండూ పడిపోతాయి, వై-బీ ఒక్కటే నిలుస్తుంది. అంటే ఒక ఫేజు పోతే తగ్గాల్సినవి రెండు రీడింగులు. మూడింటిలో ఒక్కటే సున్నా చూపి, మిగతా రెండూ నిండుగా ఉంటే ఒక ఫేజు పోవడం వల్ల అలా జరగదు. రెండు టెర్మినళ్లకూ ఎవరో ఒకే ఫేజు కలిపి ఉండాలి, లేదా ఆ ఒక్క కొలత దగ్గర లీడ్ సరిగా అంటుకోలేదు. కొలత మళ్లీ తీస్తే తేలిపోతుంది. ఈ ఒక్క విషయం తెలియక ట్రాన్స్‌ఫార్మర్ దాకా నడిచి, బాగున్న ఫ్యూజు విప్పబోవడం అనవసరపు ప్రమాదం.

కొనేటప్పుడు చూడాల్సినవి

లీడ్ మీద 1000 వోల్టులు అని రాసి ఉంటే చాలనుకుంటారు. వోల్టుల అంకెకంటే దాని పక్కనుండే క్యాట్ నంబరే (కేటగిరీ, అంటే లీడ్‌ను ఎలాంటి చోట వాడొచ్చో చెప్పే తరగతి) ఎక్కువ సంగతి చెబుతుంది. క్యాట్-2 అంటే గోడ సాకెట్‌కు తగిలించే వస్తువులు. క్యాట్-3 అంటే బిల్డింగులో శాశ్వతంగా బిగించిన వైరింగు, ప్యానెల్ బోర్డులు, మోటార్ స్టార్టర్లు. మిర్యాలగూడ రైస్ మిల్లుల ప్యానెళ్లు దీని కిందికే వస్తాయి. క్యాట్-4 అంటే బయటి లైను: స్తంభం మీంచి వచ్చే సర్వీసు వైరు, మీటర్ ముందు భాగం. స్తంభం మీంచి నేరుగా పంపుకు వచ్చే లైనునూ క్యాట్-4 కిందే లెక్కేస్తారు. పొలంలోని స్టార్టర్ డబ్బా చూడటానికి చిన్నదే, కానీ ఇంట్లో స్విచ్ బోర్డుకంటే చాలా కఠినమైన చోటు.

ఈ నంబర్ల వెనక ఉన్న పరీక్ష చూస్తే తేడా అర్థమవుతుంది. పిడుగు పడినా, పెద్ద మోటార్ ఆగినా లైనులో క్షణకాలం వేల వోల్టుల సర్జ్ వస్తుంది. క్యాట్-2, 1000 వోల్టుల పరికరాన్ని 6000 వోల్టుల సర్జ్‌తో పరీక్షిస్తారు. క్యాట్-3, 600 వోల్టుల దాన్ని కూడా 6000 వోల్టులతోనే పరీక్షిస్తారు. అయితే మొదటి పరీక్షలో సర్జ్ ఇచ్చే మూలం రెసిస్టెన్స్ 12 ఓమ్‌లు, రెండో దాంట్లో 2 ఓమ్‌లు. అంటే మొదటి దాంట్లో ఎక్కువలో ఎక్కువ 500 ఆంపియర్లు పారగలవు, రెండో దాంట్లో 3000. వోల్టుల అంకె చిన్నదైనా, స్టార్టర్ డబ్బా దగ్గర క్యాట్-3 600 వోల్టుల లీడే క్యాట్-2 1000 వోల్టుల లీడ్‌కంటే గట్టిది. క్యాట్-4, 600 వోల్టుల వాటికి పరీక్ష 8000 వోల్టులు. మన లైనులో ఎర్త్‌కు 240, ఫేజుల మధ్య 415 వోల్టులే కాబట్టి 600 వోల్టుల రేటింగ్ చాలు. పట్టుబట్టాల్సింది క్యాట్ నంబరు దగ్గర: ప్యానెళ్లకు క్యాట్-3, స్తంభం మీంచి నేరుగా వచ్చే లైనుకు క్యాట్-4.

3000 ఆంపియర్లు అన్నది ఏదో పుస్తకాల లెక్క అనిపించొచ్చు. పొలాల మధ్య కనిపించే 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌నే తీసుకుంటే, దాని ఫుల్ లోడ్ కరెంటు సుమారు 133 ఆంపియర్లు. ఇంపీడెన్స్ (కరెంటుకు ట్రాన్స్‌ఫార్మర్ లోపలి అడ్డు) నాలుగున్నర శాతం అనుకుంటే, దాని టెర్మినళ్ల దగ్గర షార్ట్ అయితే పారేది దాదాపు 3000 ఆంపియర్లు. దూరం పెరిగేకొద్దీ తగ్గుతుంది గానీ, ట్రాన్స్‌ఫార్మర్‌కు దగ్గరున్న బోరు దగ్గర అది చిన్న కరెంటు కాదు.

ఇది మొన పొడవు దగ్గర ఎంత తేడా తెస్తుందో గమనించాలి. మామూలు ప్రోబ్ (లీడ్ చివర చేత్తో పట్టుకునే పిడి, మొన) బయటికి కనిపించే లోహం దాదాపు రెండు సెంటీమీటర్లు ఉంటుంది. స్టార్టర్‌లో టెర్మినళ్ల మధ్య ఎడం అంతకంటే తక్కువ. చెయ్యి జారితే మొన అడ్డంగా పడి రెండు ఫేజులను కలుపుతుంది. ఆ షార్ట్‌లో లేచే మంటకు మొన కరిగి ముఖం మీదికి చిందుతుంది. అందుకే హ్యాండ్ ప్రోబ్‌ల భద్రతా ప్రమాణం ఐఈసీ 61010-031 ప్రకారం క్యాట్-3, క్యాట్-4 పనులకు బయటికి కనిపించే లోహం 4 మిల్లీమీటర్లు మించకూడదు. బ్రిటన్‌లో విద్యుత్ పరీక్ష పరికరాల మార్గదర్శకం జీఎస్38 కూడా 4 మిల్లీమీటర్లే పరిమితిగా పెట్టి, 2 అయితే ఇంకా మేలంటుంది. లీడ్‌తో పాటు వచ్చే చిన్న ప్లాస్టిక్ టోపీలు ఇందుకే. చాలామంది వాటిని మొదటి రోజే పారేస్తారు. పారేయడానికీ కారణం లేకపోలేదు, టోపీ ఉంటే మొన త్రీ-పిన్ సాకెట్ లోపలిదాకా అందదు. అలాంటి చోట తీసి, స్టార్టర్ దగ్గర మళ్లీ తొడగాలి. ఫ్లూక్ కంపెనీ టీఎల్175 లీడ్లలో మొన మీది తొడుగును తిప్పి 4 నుంచి 19 మిల్లీమీటర్ల దాకా సర్దుకోవచ్చు. మొన మూసినప్పుడు క్యాట్-3 1000, క్యాట్-4 600 రేటింగ్ ఉంటుంది, తెరిస్తే క్యాట్-2 1000కి పడిపోతుంది. ఒకే లీడ్‌కు రెండు రేటింగులు ఉండటమే మొన పొడవు ఎంత ముఖ్యమో చెబుతోంది. ధర ఎక్కువే. రోజూ ప్యానెళ్ల దగ్గర పని చేసేవాళ్లకు ఆ ఖర్చు దండగ కాదు. టోపీ ఉన్న మామూలు క్యాట్-3 లీడ్ కూడా అదే పని చేస్తుంది.

మీటర్, లీడ్, దానికి తగిలించే మొసలి క్లిప్పు, ఈ మూడింటిలో ఏది తక్కువ రేటింగ్‌దో మొత్తానికి అదే రేటింగ్. క్యాట్-3 మీటర్‌కు క్యాట్-2 క్లిప్పు పెడితే అది క్యాట్-2 సెట్ అయినట్టే.

వైరు మందం సంగతి. 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి అయితే మీటరు పొడవుకు దాదాపు 0.023 ఓమ్. మీటరున్నర లోపు ఉండే రెండు లీడ్లు కలిపినా 0.07 దాటదు. చవక లీడ్లలో బయటి ప్లాస్టిక్ లావుగా ఉంటుంది, లోపల రాగి వెంట్రుకల్లాంటి నాలుగు పోగులే. వాటి మీద '10 ఆంపియర్లు', '20 ఆంపియర్లు' అని అచ్చు వేసి ఉంటుంది. జతకు 0.3 ఓమ్ ఉన్న లీడ్లలో 10 ఆంపియర్లు పారితే పుట్టే వేడి 30 వాట్లు, మామూలు 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌కంటే ఎక్కువ. కొన్ని వైర్లలో రాగి పూత పూసిన ఉక్కు పోగులు వేస్తారు. చిన్న అయస్కాంతం దగ్గర పెడితే వైరు అంటుకుంటుంది, అలాంటివి వద్దు. ఈ పరీక్ష వైరు మీదే చేయాలి. మొన మీద చేస్తే ఇత్తడికి పూసిన నికెల్ కూడా కాస్త లాగుతుంది కాబట్టి మోసపోతాం.

మంచి లీడ్‌ను చేత్తోనే కొంత గుర్తుపట్టొచ్చు. వైరు పిడిలోకి వెళ్లే చోట, ప్లగ్గులోకి వెళ్లే చోట మెత్తని రబ్బరు తొడుగు పొడుగ్గా ఉండాలి, వంచితే ఒకే చోట మడత పడకూడదు. పిడి మీద వేళ్లు ముందుకు జారకుండా గట్టు ఉండాలి. మీటర్‌లో పెట్టే ప్లగ్గు లోహం చుట్టూ ప్లాస్టిక్ తొడుగు ఉండాలి, అది బయటికి ఊడినా చేతికి లోహం తగలకూడదు. క్యాట్ నంబరు, వోల్టులు, ఆంపియర్లు లీడ్ మీదనే అచ్చయి ఉండాలి, అట్టపెట్టె మీద ఉంటే సరిపోదు. డబుల్ ఇన్సులేషన్ ఉన్నవాటిలో లోపలి పొర వేరే రంగులో ఉంటుంది. పైపొర అరిగి ఆ రంగు కనిపించిందంటే మార్చే టైమ్ వచ్చిందన్నమాట.

సిలికోన్ లేక పీవీసీ? మన వాతావరణానికి సిలికోన్ మేలు. ఎండకు గట్టిపడదు, మెత్తగా పడి ఉంటుంది, సోల్డరింగ్ ఐరన్ తగిలినా కరగదు. కానీ పదునైన రేకు అంచుకు పీవీసీకంటే తొందరగా తెగుతుంది. స్టార్టర్ డబ్బా రేకు తలుపు సందులోంచి లాగేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. పీవీసీ గాట్లకు కొంచెం తట్టుకుంటుంది, వేడికి మాత్రం ఓడిపోతుంది. మొబైల్, టీవీ బోర్డుల పని చేసేవాళ్లకు సూదిలాంటి మొనలున్న సిలికోన్ లీడ్లు తప్ప వేరేవి పనికిరావు.

ఎర్ర వైరు ఏ జాక్‌లో ఉంది

లీడ్ ఎంత మంచిదైనా ఒక్క పొరపాటు దాన్ని బాంబులా మారుస్తుంది. మీటర్‌లో లీడ్ గుచ్చే 10 ఆంపియర్ల జాక్‌లో ఎర్ర లీడ్ ఉంచి కరెంటు చూసి, తీయడం మర్చిపోయి, తర్వాత అలాగే వోల్టులు కొలవడం. ఆ జాక్‌కు లోపలి రెసిస్టెన్స్ దాదాపు ఉండదు. రెండు ఫేజుల మధ్య నేరుగా వైరు పెట్టినట్టే. మంచి మీటర్లలో ఆ దారిలో 1000 వోల్టుల హెచ్ఆర్‌సీ ఫ్యూజు (పెద్ద షార్ట్ కరెంటును కూడా పగలకుండా తెంపేది) ఉంటుంది, అది తెంపుతుంది. పసుపు రంగు చవక మీటర్లలో చాలావాటికి 10 ఆంపియర్ల జాక్‌కు ఫ్యూజే లేదు, లేదని మీటర్ మీదే రాసి ఉంటుంది. అప్పుడు ఫ్యూజు పని చేసేది లీడే, కాలేది చేతిలో. మోటార్ ఆంపియర్లు చూడటానికి వైరు చుట్టూ పట్టి కొలిచే క్లాంప్ మీటర్ ఉండగా ఆ జాక్ అవసరమే రాదు. ఇలాంటి మీటర్‌ను 12 వోల్టుల బ్యాటరీలకు, బోర్డు పనికి ఉంచుకుని, త్రీ ఫేజు దగ్గరికి తీసుకెళ్లకపోవడమే సరైన పని.

చూసుకోవడం

లీడ్లు ఎక్కువగా తెగేది రెండు చోట్ల: పిడి దగ్గర, ప్లగ్గు దగ్గర. పని అయ్యాక మీటర్ చుట్టూ బిగించి చుట్టే అలవాటు ప్లగ్గు దగ్గరి పోగులను రోజుకు కొన్ని చొప్పున తెంపుతుంది. వదులుగా పెద్ద చుట్టలా చుట్టి పక్కన పెట్టాలి. వైరు పట్టుకుని జాక్‌లోంచి లాగకూడదు, ప్లగ్గు పట్టుకుని లాగాలి. మే నెలలో 45 డిగ్రీలు దాటే ఎండలో బండి డిక్కీ లోపల ఇంకా వేడెక్కుతుంది. పీవీసీలోని మెత్తదనం ఇచ్చే రసాయనం మెల్లగా బయటికొచ్చి, ముందు వైరు జిగటగా అవుతుంది, తర్వాత గట్టిపడి పగులుతుంది. స్క్రూలు, బోల్టులు, ఆయిల్ డబ్బా ఉన్న సంచిలోనే లీడ్లు వేస్తే గాట్లు పడతాయి, ఆయిలు, డీజిలు ఇన్సులేషన్‌ను ఉబ్బిస్తాయి. విడిగా ఒక గుడ్డ సంచి చాలు. స్టార్టర్ డబ్బాలో లీడ్లు వదిలి వెళ్లొద్దు, పొలంలో ఎలుకలు వాటిని బతకనివ్వవు.

మురికిని తడి గుడ్డతో, కాస్త సబ్బుతో తుడవాలి. పెట్రోలు, థిన్నర్ వద్దు. మొనలు నల్లబడితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే చాలు. గరుకు కాగితం పెట్టి రుద్దితే పైపూత పోయి ఇత్తడి బయటపడుతుంది, ఆ తర్వాత ఇంకా తొందరగా నల్లబడుతుంది.

వారానికోసారి చేయాల్సిన పరీక్ష ఇది. మీటర్‌ను అన్నిటికంటే చిన్న ఓమ్ రేంజులో పెట్టి రెండు మొనలను గట్టిగా అదిమి పట్టాలి. 0.1 నుంచి 0.3 వస్తే బాగున్నట్టు. అర ఓమ్ దాటితే ముందు మొనలు, ప్లగ్గులు తుడిచి మళ్లీ చూడాలి. తర్వాత మొనలు అలాగే పట్టి ఉంచి, పిడి దగ్గర వైరును నాలుగు వైపులా వంచాలి, ప్లగ్గు దగ్గరా అలాగే. అంకె కదలకుండా నిలబడాలి. ఒక్కసారి ఎగిరి పడినా ఆ లీడ్ పని అయిపోయినట్టే. దీన్ని బీప్ మోడ్‌లో చేసి 'బీప్ వచ్చింది కదా' అనుకోవడం ఈ పనిలో అందరికీ ఉన్న అలవాటు. చాలా మీటర్లలో కొన్ని పదుల ఓమ్‌ల లోపు ఎంత ఉన్నా బీప్ మోగుతుంది. లీడ్ పది ఓమ్‌లు చూపిస్తున్నా ఆ చప్పుడు ఆగదు.

తెగిన లీడ్‌ను పిడి దగ్గర కోసి మళ్లీ సోల్డర్ చేసి వాడటం మన దగ్గర మామూలే. బ్యాటరీ పనికి, 12 వోల్టుల బోర్డు పనికి అలా వాడుకోవచ్చు, తప్పులేదు. కానీ కోసి అతికిన లీడ్‌కు ఏ క్యాట్ రేటింగూ మిగలదు. దానికి ఒక ముడి వేసో, రంగు టేపు చుట్టో గుర్తు పెట్టి, 415 వోల్టుల పనికి తీసుకెళ్లే సంచిలోంచి తీసేయాలి. ఇన్సులేషన్ తెగిన చోట టేపు చుట్టిన లీడ్‌కు కూడా ఇదే మాట. ఇక ఎందుకూ పనికిరాని దాన్ని పారేసేటప్పుడు ముక్కలుగా కోసి పారేయాలి. లేదంటే షాపులో పని నేర్చుకుంటున్న కుర్రాడెవడో అది తీసి వాడతాడు.

కొత్త జత వేసినా రీడింగ్ ఊగుతూనే ఉంటే తప్పు మీటర్ జాక్‌లో ఉన్నట్టు. లోపలి స్ప్రింగు పలక వదులై ఉంటుంది, లేదా బోర్డుకు జాక్‌ను అతికిన సోల్డర్ పగిలి ఉంటుంది. ప్లగ్గును జాక్‌లోనే మెల్లగా తిప్పి చూస్తే అంకె మారుతుంది. సోల్డర్ పగిలితే వెనక కవర్ విప్పి మళ్లీ అతకొచ్చు, అయితే విప్పే ముందు రెండు లీడ్లూ మీటర్‌లోంచి తీసేయాలి. పలక వదులైతే చవక మీటర్‌ను బాగుచేయడం కంటే మార్చడమే మేలు.